మందుల దుకాణంలో మొదటి ఉద్యోగం: పదిహేడేళ్ల వాళ్లను ఎవరైనా తీసుకుంటారా?

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. నాకు ఈ మధ్యే పదిహేడు నిండాయి. కాలేజీ చదువు సాగుతోంది. సాయంత్రాలూ సెలవు రోజులూ ఖాళీ. ఏదైనా మందుల దుకాణంలో పనికి చేరాలని రెండు నెలలుగా తిరుగుతున్నాను. ఇప్పటికి నాలుగు చోట్లకు వెళ్లాను. మొదటి చోట వయసు అడిగి నవ్వి ఊరుకున్నారు. రెండో చోట అనుభవం ఉందా అన్నారు. మూడో చోట నా కాగితం చదవకుండానే డ్రాయరులో పడేశారు. నాలుగో చోట నేను నోరు తెరిచేలోపే వెనక ఉన్న పెద్దమనిషి నా భుజం మీదుగా తన మందుల చీటీ అందించేశాడు. నేను మెల్లగా బయటికి వచ్చేశాను.

మా అమ్మమ్మ మందులు నాలుగేళ్లుగా నేనే చూస్తున్నాను. పొద్దున ఏవి, రాత్రి ఏవి అన్నీ కంఠతా వచ్చు. వెళ్లిన ప్రతిచోటా ఆ మాటే చెప్పాను, నాకు మందుల గురించి బాగా తెలుసని. లాభం లేకపోయింది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

తిన్ననివాడు | సోమవారం, రాత్రి 8:31

అన్ని కొట్లూ ఉండగా మందుల కొట్టే ఎందుకమ్మా? బట్టల దుకాణంలో పొరపాటు చేస్తే చొక్కా మార్చి ఇస్తారు. ఇక్కడ పొరపాటు చేస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. పైగా వచ్చేవాళ్లంతా ఏదో ఒక నొప్పితోనే వస్తారు. చిరాకు పడేదీ నీ మీదే.

సీతాకోక | సోమవారం, రాత్రి 8:44

నేను పదహారేళ్లప్పుడు ఇలాగే మొదలుపెట్టాను. ఇప్పుడు ఆసుపత్రి ఫార్మసీలో టెక్నీషియన్‌ని. ఒక్క ప్రశ్న: ఆ నాలుగు చోట్లకూ ఏ వేళకు వెళ్లావు?

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 8:47

కాలేజీ అయ్యాక, ఆరున్నర ఏడు మధ్య. నాలుగూ అదే వేళకు.

మూడో అర | సోమవారం, రాత్రి 9:20

ఇరవై రెండేళ్లుగా సొంత దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. మీ కథలో నాకు రెండు చిక్కులు కనిపించాయి.

మొదటిది వేళ. డాక్టర్లు సాయంత్రం రోగులను చూసి పంపే సమయం, ఉద్యోగాల నుంచి జనం ఇళ్లకు మళ్లే సమయం ఒకటే. ఆ గంటన్నరలో సొంత తమ్ముడు వచ్చినా నేను తలెత్తి చూడను. దుకాణం తెరిచిన రెండు గంటల తరువాత గానీ, మధ్యాహ్నం ఎండ వేళ గానీ వెళ్లండి. కౌంటరులో ఎవరు కనబడితే వారి చేతిలో కాగితం పెట్టకండి. "దుకాణం చూసుకునే ఫార్మసిస్టు గారితో రెండు నిమిషాలు మాట్లాడవచ్చా? ఇప్పుడు తీరిక లేకపోతే ఎప్పుడు రమ్మంటారు?" అని అడగండి. రెండో ప్రశ్న ముఖ్యం. వేళ చెప్పి రమ్మన్నాక, ఆ వేళకే వచ్చిన పిల్లలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

రెండోది మీకు నచ్చదు. "నాకు మందుల గురించి బాగా తెలుసు" అన్నారు. ఆ మాట వినగానే నా గుండె జారుతుంది. తెలుసనుకున్న పిల్ల నేను వెనక గదిలో ఉన్నప్పుడు ఎవరో వచ్చి "ఈ మాత్ర ఎన్నిసార్లు వేసుకోవాలి?" అంటే వెంటనే జవాబు చెప్పేస్తుంది. మెథోట్రెక్సేట్ అనే మందు ఉంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వాడతారు. రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. మాత్ర చూడడానికి మామూలుగానే ఉంటుంది, చిన్నగా, పసుపు రంగులో. మిగతా మందులన్నీ రోజూ వేసుకునేవే కదా అన్న అలవాటే అక్కడ ముంచేది. అందుకే నాకు కావలసింది "ఉండండి, ఫార్మసిస్టు గారిని పిలుస్తాను" అనగలిగిన పిల్ల. అది రోజుకు అరవైసార్లు విసుగు లేకుండా అనాలి.

తిన్ననివాడు | సోమవారం, రాత్రి 9:33

మందుల సంగతి ముట్టుకోకూడదంటే ఇక మిగిలేది ఊడ్చి తుడిచే పనే కదా. దానికి మందుల దుకాణమే కావాలా?

మూడో అర | సోమవారం, రాత్రి 9:58

తుడవాలి. అందులో దాచడానికి ఏమీ లేదు. అయితే అర తుడవాలంటే అందులోని డబ్బాలన్నీ తీయాలి, తీసిన ప్రతి డబ్బా మీద పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కళ్లబడతాయి. మూడు నెలలు అరలు తుడిచిన పిల్లవాడికి నా దుకాణంలో ఏది ఎక్కడుందో నాకంటే బాగా తెలుస్తుంది. ఒకసారి నేనే వాడిని అడగవలసి వచ్చింది.

మిగతా పని ఏమిటంటారా? సరుకు వచ్చినప్పుడు అట్టపెట్టెలు విప్పి ఇన్‌వాయిస్‌తో సరిచూడాలి. పేరు ఒకటే అయి మోతాదు వేరైతే పట్టుకోవాలి. 5 మిల్లీగ్రాములు రావలసిన చోట 50 వస్తే అది చిన్న తేడా కాదు. గడువు దూరంగా ఉన్నది వెనక్కి, దగ్గర పడినది ముందుకు సర్దాలి. ఇక్కడ కొత్తవాళ్లంతా తప్పు చేస్తారు: ముందు వచ్చింది ముందు పోవాలనుకుంటారు. మందుల్లో లెక్క వేరు, ముందు గడువు ముగిసేది ముందు పోవాలి. నిన్న వచ్చిన పెట్టె గడువు, ఆర్నెల్ల కిందట వచ్చిన పెట్టె కంటే ముందే ముగియవచ్చు. డబ్బా మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే సాధారణంగా ఆ నెల చివరి రోజు వరకూ వాడవచ్చని అర్థం.

మాత్రలను విడిగా కత్తిరించి అమ్మే చోట ఇంకో సంగతి. స్ట్రిప్పుకు గడువు తేదీ ఉన్న చివరను ముందు కత్తిరించి ఇచ్చేస్తే, దుకాణంలో మిగిలిన ముక్క ఏనాటిదో దేవుడికే తెలియాలి. నా దగ్గర చేరిన ప్రతివాడికీ కత్తెర చేతికి ఇచ్చే ముందు ఇదే చూపిస్తాను.

ఇద్దరు పిల్లల తల్లి | మంగళవారం, ఉదయం 7:05

మా అబ్బాయికి పదహారు, వాడూ ఇదే పాట పాడుతున్నాడు. నా భయాలు వేరు. జ్వరాలతో దగ్గులతో వచ్చేవాళ్ల మధ్య నాలుగు గంటలు నిలబడాలి. మత్తు మందుల కోసం వచ్చి గొడవ చేసేవాళ్లు ఉంటారని వింటున్నాం. దుకాణం మూసే వేళకు గల్లాపెట్టె దగ్గర పిల్లవాడు ఒక్కడే ఉండవలసి వస్తే? యజమానులు వీటికి ఏమంటారు?

మూడో అర | మంగళవారం, ఉదయం 7:40

అమ్మా, మీ భయం న్యాయమైనదే. చేతులు కడుక్కోవడం, దగ్గేవారికి కాస్త దూరంగా నిలబడడం అలవాటవుతాయి. మత్తు మందులుండే బీరువా తాళం పిల్లల చేతికి ఇవ్వడమన్నది ఉండనే ఉండదు. ఇస్తానన్న యజమాని దగ్గర మీ అబ్బాయిని ఉంచవద్దు. మూసే వేళకు ఒంటరిగా ఉంచకూడదని చేరేముందే మాట తీసుకోండి. అలా అడిగినందుకు ఉద్యోగం ఇవ్వనంటే, ఆ దుకాణం మీకు వద్దు.

లెక్కలమాస్టారు | మంగళవారం, ఉదయం 9:15

బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని. వయసు సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను చెబుతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో తెచ్చిన 138వ ఒప్పందం ప్రకారం పనికి చేరే కనీస వయసు సాధారణంగా 15. తప్పనిసరి చదువు ముగిసే వయసు కంటే అది తక్కువ ఉండకూడదు. కొన్ని దేశాలకు 14 వరకూ సడలింపు ఉంది. ప్రమాదకరమైన పనులకు 18. ఒప్పందం గీసిన గీత ఇది, అసలు చట్టం ఏ దేశానికి ఆ దేశం రాసుకుంటుంది. పద్దెనిమిది లోపు వారు రోజుకు ఎన్ని గంటలు చేయవచ్చు, రాత్రి ఎంతవరకూ ఉండవచ్చు, తల్లిదండ్రుల సంతకం కావాలా, బడి నుంచి పత్రం కావాలా అన్నవి అక్కడి కార్మిక శాఖలో కనుక్కోవాలి. కనుక్కుని వెళ్లిన పిల్ల "నా వయసుకు ఇన్ని గంటల వరకూ అనుమతి ఉంది" అని తానే చెబితే, యజమాని నెత్తిన ఒక బరువు దిగుతుంది. మొదటి దుకాణంలో నవ్వి ఊరుకున్నాయన బహుశా ఈ తలనొప్పి ఎందుకనే నవ్వి ఉంటాడు.

ఆసక్తి కోసం ఒక మాట: ప్రాణవాయువును కనుగొన్నవారిలో ఒకడైన కార్ల్ షీలే, 1757లో పద్నాలుగేళ్లకే స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక మందుల దుకాణంలో శిష్యుడిగా చేరాడు. ఆయన రసాయన శాస్త్రం నేర్వడం మొదలుపెట్టింది అక్కడి సీసాల మధ్యే.

సీతాకోక | మంగళవారం, ఉదయం 9:30

మాస్టారూ, ఆ షీలే గారికి కనబడిన ప్రతి పదార్థాన్నీ వాసన చూసి, రుచి చూసే అలవాటు కూడా ఉండేదట. నలభై మూడేళ్లకే పోయారు. కొత్తచిగురూ, శిష్యరికం వరకే తీసుకో!

కొత్తచిగురు | మంగళవారం, సాయంత్రం 5:50

అందరికీ ధన్యవాదాలు. నా బయోడేటా ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"లక్ష్యం: ఉన్నత ప్రమాణాలు గల సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించి, సంస్థ అభివృద్ధికీ నా అభివృద్ధికీ తోడ్పడడం. నైపుణ్యాలు: కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు, మందులపై లోతైన అవగాహన. అభిరుచులు: పుస్తక పఠనం, సంగీతం. అనుభవం: లేదు."

లెక్కలమాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:12

ఎర్ర సిరా పెన్ను లేక చెయ్యి దురద పెడుతోంది. అమ్మాయీ, ఇందులో నువ్వెక్కడున్నావు? ఈ కాగితం మీద ఎవరి పేరు రాసినా సరిపోతుంది. ఒక సంగతి చెప్పు. చదువు కాక, కాలేజీలో నీ చేతికి ఎవరైనా ఏ పనైనా అప్పగించారా? ఎంత చిన్నదైనా సరే.

కొత్తచిగురు | మంగళవారం, సాయంత్రం 6:25

పెద్దగా ఏమీ లేదు సార్. లైబ్రరీలో రెండేళ్లు తిరిగి వచ్చిన పుస్తకాలను నంబరు ప్రకారం అరల్లో పెట్టేదాన్ని. ఒకసారి తరగతి అంతా యాత్రకు వెళ్లినప్పుడు 41 మంది దగ్గర డబ్బు వసూలు చేసి లెక్క రాశాను. చివర్లో ఒకరి డబ్బు తగ్గింది, రాత్రి కూర్చుని చూస్తే ఒక పేరు రెండుసార్లు రాశాను. సరిచేశాను.

మూడో అర | మంగళవారం, సాయంత్రం 6:31

ఇదంతా దాచిపెట్టి "అనుభవం: లేదు" అని రాశారా!

లెక్కలమాస్టారు | మంగళవారం, సాయంత్రం 7:04

ఇదిగో, సగం పేజీ చాలు:

"కాలేజీ లైబ్రరీలో రెండేళ్లుగా తిరిగి వచ్చిన పుస్తకాలను నంబరు వరుసలో అరల్లో సర్దుతున్నాను. తరగతి యాత్రకు 41 మంది దగ్గర డబ్బు వసూలు చేసి లెక్క అప్పగించాను. నాలుగేళ్లుగా మా అమ్మమ్మ మందుల డబ్బాను వారానికొకసారి చీటీ చూసి నింపి, వేసుకున్నవాటికి రోజూ పట్టికలో గుర్తు పెడుతున్నాను. సోమవారం నుంచి శుక్రవారం వరకూ సాయంత్రం 5 నుంచి 8, సెలవు రోజుల్లో పూర్తిగా రాగలను. నా గురించి అడగదలిస్తే: లైబ్రరీ చూసే అధ్యాపకురాలు."

కింద ఫోను నంబరు. అంతే. ఆ అధ్యాపకురాలిని ముందుగా అడిగి ఆమె పేరు రాయాలి. అడగకుండా రాస్తే, ఫోను వచ్చినప్పుడు ఆమె తడబడతారు, నష్టం నీకే. అమ్మమ్మ సంగతిలో మార్పు చూశావా? మందులు తెలుసనడం పోయి, చెప్పిన పని తప్పకుండా చేస్తానన్నది వచ్చింది.

రాత్రిబండి | బుధవారం, రాత్రి 11:48

నేను బండి మీద ఇళ్లకు మందులు చేర్చే పని రెండేళ్లు చేశాను, పద్దెనిమిది నిండాక, లైసెన్సు వచ్చాక. మందులు కూడా పార్సిలే కదా అనుకుని చేరాను. తలుపు దగ్గర పెట్టి వచ్చేయకూడదు. పక్కింటివాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఇంటిపేరుతో సహా ఒకటే పేరున్న మనుషులు ఒకే వీధిలో ఇద్దరుంటారు, చిరునామా గానీ పుట్టిన తేదీ గానీ అడిగి సరిచూసుకోవాలి. ఇన్సులిన్ పెట్టె ఉంటే ఎండలో బండి మీద వదిలేసి పక్కకు వెళ్లకూడదు. ఒకసారి పెద్దాయన ఒకరు సంచి తీసుకుని "ఇది గుండెకా, షుగరుకా బాబూ?" అన్నారు. సంచి మీద రాసి ఉంది, నాకు చదవడం వచ్చు. అయినా దుకాణానికి ఫోను కలిపి ఆయన చెవి దగ్గర పెట్టాను.

మూడో అర | గురువారం, ఉదయం 7:15

ఇన్సులిన్ మాట వచ్చింది కనుక ఫ్రిజ్ గురించి. మందుల ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. రోజుకు కనీసం రెండుసార్లు థర్మామీటరు చూసి రిజిస్టరులో రాయడం కుర్రవాళ్లకు అప్పగించే పనుల్లో ఒకటి. చాలామంది వేడి గురించే ఆలోచిస్తారు. ఇన్సులిన్ గడ్డకట్టినా పాడైనట్టే, తిరిగి కరిగినా వాడకూడదు. అందుకే పెట్టెలను ఫ్రిజ్ వెనక గోడకు ఆనించకూడదు. రిజిస్టరులో చూడకుండా వరసగా "5, 5, 5, 5" అని రాసేవాళ్లు ఉంటారు. నాకు వెంటనే తెలిసిపోతుంది. ఏ ఫ్రిజ్ అయినా వారమంతా కదలకుండా 5 దగ్గర నిలబడదు.

సీతాకోక | గురువారం, రాత్రి 8:20

నా మొదటి నెల సంగతి చెబుతాను. హైడ్రాక్సిజిన్ దురదకు వాడే మందు. హైడ్రలజిన్ రక్తపోటుకు. డబ్బాలు ఒకే కంపెనీవి, ఒకే తెలుపు, ఒకే నీలం గీత. అక్షర క్రమంలో సర్దమన్నారు కదా అని రెండూ పక్కపక్కనే పెట్టాను. క్రమం ప్రకారం తప్పేమీ లేదు. మా ఫార్మసిస్టు చూసి ఏమీ అనలేదు. రెంటినీ నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని కలిపేసి, ఒక్క క్షణంలో హైడ్రలజిన్ ఇవ్వమన్నారు. తప్పు ఇచ్చాను. అప్పుడు చెప్పారు, ఇలాంటి జంటలను కావాలనే దూరంగా పెడతారని, పేర్లలో తేడా ఉన్న అక్షరాలను పెద్దవిగా ముద్రించి అరకు అతికిస్తారని. ఆ రోజు నుంచి చేతిలోని డబ్బాను మూడుసార్లు చదువుతాను: తీసేటప్పుడు, ఇచ్చేటప్పుడు, మిగిలింది తిరిగి పెట్టేటప్పుడు.

మాత్రలు లెక్కించే పళ్లెం కూడా అలాంటిదే. చదునైన గరిటెతో అయిదేసి చొప్పున జరుపుతూ లెక్కపెడతాం. పెన్సిలిన్ మాత్రలు లెక్కించాక పళ్లెం తుడవకపోతే ఆ పొడి తరువాతి మనిషి మాత్రలకు అంటుకుంటుంది. ఆ మనిషికి పెన్సిలిన్ పడకపోతే? పళ్లెం తుడవడం కూడా తిన్ననివాడు గారు చెప్పిన ఆ తుడిచే పనే.

పేర్లు ఎలా గుర్తుంటాయని అందరూ అడుగుతారు. మందుల సాధారణ నామాలకు, అంటే కంపెనీ పెట్టుకునే పేర్లు కాక మందుకు ఉండే అసలు పేర్లకు, తోకలు ఉంటాయి: ఒక రకం మందుల పేర్లు ఒకేలా ముగుస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ రక్తపోటువి. లోసార్టాన్, టెల్మిసార్టాన్ కూడా రక్తపోటువే, రకం వేరు. అటెనొలాల్, మెటోప్రొలాల్ ఒక కుటుంబం. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లానికి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్ట్రాల్‌కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ఈ పేర్ల జాబితాలు వెలువరిస్తోంది. తోకలు తెలిస్తే అరలు చుట్టాల ఇళ్లలా కనిపిస్తాయి.

మూడో అర | గురువారం, రాత్రి 8:41

చుట్టాలే, కానీ ఇంటిపేరు కలిసిన పరాయివాళ్లూ ఉంటారు. నిస్టాటిన్ కొలెస్ట్రాల్ మందు కాదు, ఫంగస్‌కు వాడేది. అరిపిప్రజోల్ కడుపు మందు కాదు, మానసిక వ్యాధులకు. తోక చూసి అర గుర్తుపట్టండి, అంతవరకే.

పద్నాలుగేళ్లవాడు | శుక్రవారం, సాయంత్రం 4:30

నాకు పద్నాలుగే. నన్ను ఎవరూ తీసుకోరు కదా. ఇప్పుడేం చేయవచ్చు?

సీతాకోక | శుక్రవారం, సాయంత్రం 6:02

తొందరేమీ లేదు బాబూ. సెలవుల్లో ఆసుపత్రుల్లో స్వచ్ఛంద సేవకు పిల్లలను తీసుకుంటారేమో కనుక్కో, దారి చూపడం, కాగితాలు అందించడం లాంటి పనులకు. ఫార్మసిస్టును ఒక రోజు పక్కన నిలబడి చూడనిమ్మని మీ బడి తరఫున అడిగించు. మొదటిసారే ఉద్యోగం అడగడం కంటే ఒక పూట చూడనివ్వమనడం తేలిక.

తిన్ననివాడు | శుక్రవారం, రాత్రి 9:10

నేను మొదటి నుంచీ అడ్డు చెబుతున్నట్టు ఉంది, కానీ ఇది తెలిసే చెబుతున్నాను. మా బంధువుల అబ్బాయి దగ్గర "శిక్షణ రుసుము" అని ముందుగా డబ్బు తీసుకుని, పదో తరగతి అసలు సర్టిఫికెట్టు కూడా దగ్గర పెట్టుకున్నారు. నెల రోజులు పని చేయించుకుని జీతం అడిగితే నువ్వింకా నేర్చుకుంటున్నావన్నారు. సర్టిఫికెట్టు తిరిగి తెచ్చుకోవడానికి వాళ్ల నాన్న నాలుగుసార్లు తిరిగారు. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. సర్టిఫికెట్టు నకలు ఇవ్వండి, అసలు చూపించి వెనక్కి తీసుకోండి. గంటలు ఎన్ని, జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు, ఇవి కాగితం మీద ఉండాలి.

ఇద్దరు పిల్లల తల్లి | శుక్రవారం, రాత్రి 9:22

ఈ ఒక్క సలహాకు మీ మిగతా విసుర్లన్నీ మాఫీ.

కొత్తచిగురు | శనివారం, ఉదయం 11:35

ఈ రోజు పది గంటలకు ఒక కొత్త దుకాణానికి వెళ్లాను. ఖాళీగా ఉంది. ఫార్మసిస్టు గారు కాగితం మొత్తం చదివారు, "41 మంది లెక్కలో తేడా ఎలా పట్టుకున్నావు?" అని అడిగారు! మంగళవారం మధ్యాహ్నం రెండింటికి మాట్లాడడానికి రమ్మన్నారు. ఏం అడుగుతారు?

మూడో అర | శనివారం, మధ్యాహ్నం 1:05

నేనైతే మూడే అడుగుతాను. ఒకటి: "నేను పక్క గదిలో ఉన్నాను. తెలిసినాయన ఒకరు వచ్చి, చీటీ ఇంట్లో మరిచానని, రోజూ తీసుకునే యాంటీబయాటిక్‌యేనని తొందర చేస్తున్నాడు. ఏం చేస్తావు?" ఇక్కడ యాంటీబయాటిక్ రోజూ తీసుకోవడమేమిటని ఎదురు ప్రశ్నించనక్కరలేదు, నన్ను పిలిస్తే చాలు. రెండు: "తప్పు డబ్బా ఇచ్చేశావని మనిషి వెళ్లిపోయాక తెలిసింది." ఇక్కడ తటపటాయించకండి. ఆ క్షణమే ఫార్మసిస్టుకు చెప్పాలి, తిట్లు తరువాత తినవచ్చు. మూడు: "మీ కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చి మందు తీసుకెళ్లింది. మరునాడు స్నేహితురాళ్లు అడిగారు."

సీతాకోక | శనివారం, మధ్యాహ్నం 1:30

మూడోదానికి నా అనుభవం. ఎదురింటావిడ గేటు దగ్గర ఆపి, "ఫలానా వాళ్ల కోడలు మీ దుకాణానికి వచ్చిందటగా, దేనికి?" అన్నారు. "ఆ వేళ రద్దీగా ఉందండీ, ఎవరు వచ్చారో చూడలేదు" అన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోయినా ఫర్వాలేదు. మరో నెలకు ఆవిడే తన మందుకు మా దుకాణానికే వచ్చారు, నన్ను చూసి, కౌంటరు ఖాళీ అయ్యేదాకా ఆగి మరీ.

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 8:00

ఈ చర్చలో ఇద్దరు సభ్యులు తమ మందుల మోతాదు గురించి అడిగారు. ఆ సందేశాలు తొలగించాను. అవి మీ డాక్టరునో ఫార్మసిస్టునో అడగవలసినవి. ఉద్యోగం గురించి కొనసాగించండి.

కొత్తచిగురు | మూడు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 9:40

ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి. ఉద్యోగం వచ్చింది! వారంలో మూడు సాయంత్రాలు, శనివారం పగలు. ఎనిమిదికల్లా ఇంటికి పంపించేస్తారు. గంటలూ జీతమూ కాగితం మీద రాయించుకున్నాను. నాన్న కూడా సంతకం పెట్టారు. మూడో అర గారి రెండో ప్రశ్న అచ్చంగా అలాగే అడిగారు.

మొదటి వారం కాళ్లు తప్ప ఇంకేమీ గుర్తులేదు. రెండో వారం అరలు తుడిచాను. పై అర వెనక మూలలో గడువు ముగిసిన చెవి చుక్కల సీసాలు మూడు దొరికాయి. ఎవరూ చూడలేదట. వాటికి విడిగా ఒక పెట్టె ఉంది, ఎర్ర కాగితం అంటించినది, అందులో పెట్టి రిజిస్టరులో రాశాను.

నిన్న మాత్రం ఒక సంగతి జరిగింది. సరుకు సరిచూస్తుంటే ఇన్‌వాయిస్‌లో ఒక మందు 20 డబ్బాలని ఉంది, పెట్టెలో 19 ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. తెచ్చిన అన్న తొందరగా వెళ్లాలి, సంతకం పెట్టమ్మా, ఒక్కటే కదా అన్నారు. నాకు భయం వేసింది, నేనే తప్పు లెక్కపెట్టానేమోనని. అయినా "ఉండండి, మేడమ్‌ను పిలుస్తాను" అన్నాను. ఆ మాట నోటి వెంట వచ్చేసరికి ఇక్కడి మీరంతా గుర్తుకు వచ్చారు. మా ఫార్మసిస్టు మేడమ్ వచ్చి లెక్కపెట్టారు, 19. ఇన్‌వాయిస్ మీద 20 కొట్టేసి 19 వేసి సంతకం పెట్టారు. నన్ను కూడా పక్కన పెట్టమన్నారు.

తిన్ననివాడు | ఆదివారం, రాత్రి 9:52

ఒక్క డబ్బాకు ఇంత కథా! సరే, శుభాకాంక్షలు. కాళ్ల నొప్పులకు మెత్తటి అట్ట ఉన్న చెప్పులు కొనుక్కో, మొదటి జీతంలో అదే మొదటి ఖర్చు.

మూడో అర | ఆదివారం, రాత్రి 10:03

సంతకం పక్కన తేదీ, వేళ కూడా వేశారా?

కొత్తచిగురు | ఆదివారం, రాత్రి 10:05

తేదీ వేశాను. వేళ వేయలేదు. రేపు వెళ్లగానే మేడమ్‌ను అడుగుతాను.